జపాన్ ఎందుకు దండెత్తింది? ఖనిజాల కొరతతో సరిపెట్టలేని సమాధానం

మీ ప్రశ్నలో రెండు భాగాలున్నాయి. జపాన్‌లో ఖనిజాలు, చమురు లేవు, జనాభా పెరిగిపోయింది, అందుకే మంచూరియా (చైనా ఈశాన్య ప్రాంతం), చైనా, ఆగ్నేయాసియాల మీద పడింది అని పోటీ పరీక్షల పుస్తకాల్లో ఉంటుంది; అది పూర్తి సమాధానమేనా అని మొదటిది. జర్మనీకి హిట్లర్ ఎలాగో జపాన్‌కు యుద్ధకాలపు ప్రధాని టోజో అలాగే అనుకోవచ్చా అన్నది రెండోది. తూర్పు ఆసియా ఆధునిక చరిత్రను చాలా ఏళ్లుగా బోధిస్తున్నవాడిగా చెబుతున్నాను: వనరుల కొరత నిజమే, కానీ దాన్ని ఏకైక కారణంగా రాస్తే అసలు కథ మొత్తం జారిపోతుంది. వనరులు లేని దేశాలు ఎన్నో ఉన్నాయి. అవన్నీ పొరుగువాళ్ల మీద యుద్ధానికి దిగలేదు. జపాన్‌లో ఒక భయం ఉంది, ఆ భయానికి ఎక్కడా హద్దు గీయని ఆలోచన ఉంది, దాన్ని అమలుచేసే సైన్యాన్ని ఆపే అధికారం ఎవరికీ లేని రాజ్యాంగం ఉంది. నా దృష్టిలో ఈ మూడోదే అన్నిటికన్నా ముఖ్యం.

భయం నుంచి మొదలుపెడదాం. 1853లో అమెరికా నౌకాదళ అధికారి పెర్రీ నాలుగు యుద్ధనౌకలతో ఉరాగా దగ్గర లంగరు వేసేనాటికి, నల్లమందు యుద్ధంలో చైనాకు పట్టిన గతి జపాన్ పాలకులకు తెలుసు. 1858లో కుదిరిన ఒప్పందాల ప్రకారం జపాన్ గడ్డ మీద నేరం చేసిన విదేశీయుడిని జపాన్ కోర్టు విచారించడానికి లేదు; అతని దేశపు కాన్సుల్ విచారించాలి. దిగుమతుల మీద సుంకం ఎంత వేయాలో కూడా జపాన్ సొంతంగా నిర్ణయించుకోలేదు. విదేశీయుల మీద విచారణాధికారం తిరిగి చేతికి వచ్చింది 1899లో. సుంకాల మీద పూర్తి అధికారం వచ్చింది 1911లో. అంటే అర్ధ శతాబ్దం పాటు ఆ దేశం సగం స్వతంత్రంతోనే బతికింది. ఆధునిక జపాన్‌ను కట్టిన మెయిజీ చక్రవర్తి కాలపు నాయకులు 1871లో ఇవాకురా బృందంగా అమెరికా, ఐరోపాలు తిరగడానికి బయలుదేరినప్పుడు ఈ ఒప్పందాలను సవరించుకోవాలన్న ఆశ కూడా వారికి ఉంది. 1873లో బెర్లిన్‌లో జర్మనీ ఛాన్సలర్ బిస్మార్క్ ఇచ్చిన విందులో వాళ్లు విన్నది వేరే పాఠం. అంతర్జాతీయ న్యాయం తమకు లాభించినంత కాలమే పెద్ద దేశాలు దాన్ని పాటిస్తాయని, లాభం లేనప్పుడు బలానికి దిగుతాయని ఆయన దాపరికం లేకుండా చెప్పాడు.

ఆ పాఠాన్ని వాళ్లు ఎంత త్వరగా ఒంటబట్టించుకున్నారో చూడండి. 1875లో ఉన్యో అనే జపాన్ నౌక కొరియాలోని గాంగ్వా దీవి దగ్గరికి వెళ్లింది. తీరం నుంచి కాల్పులు రాగానే కోటను ధ్వంసం చేసింది. మరుసటి ఏడాది కొరియా మీద రుద్దిన ఒప్పందంలో రేవులు తెరవడం, జపానీయులను జపాన్ కాన్సులే విచారించడం వంటి షరతులున్నాయి. పెర్రీ వచ్చి పాతికేళ్లు కూడా కాలేదు. తన మెడలో అసమాన సంధి ఇంకా వేలాడుతుండగానే జపాన్ అలాంటిదాన్నే పక్కదేశం మెడలో వేసింది. అందుకే, పాశ్చాత్యుల నుంచి ఆత్మరక్షణ కోసమే జపాన్ విస్తరించిందన్న వాదనను నేను సగమే ఒప్పుకుంటాను. ఆత్మరక్షణ అన్న మాట కొరియా రైతుకు ఏ ఓదార్పూ ఇవ్వలేదు.

ఈ భయానికి సిద్ధాంత రూపం ఇచ్చినవాడు యమగాతా అరితోమో. ఆధునిక జపాన్ సైన్యాన్ని నిర్మించిన నాయకుల్లో ముఖ్యుడు. 1890లో మొదటి పార్లమెంటులో ప్రధానిగా మాట్లాడుతూ ప్రతి దేశానికీ రెండు రేఖలుంటాయని చెప్పాడు. ఒకటి సార్వభౌమాధికార రేఖ, అంటే దేశ సరిహద్దు. రెండోది ప్రయోజన రేఖ, అంటే సరిహద్దు భద్రంగా ఉండాలంటే దాని అవతల మన అదుపులో ఉండాల్సిన ప్రాంతం. అప్పట్లో ఆ రెండో రేఖ ఆయన లెక్కలో కొరియా. ఈ ప్రసంగాన్ని ప్రతి విద్యార్థీ గుర్తుపెట్టుకోవాలంటాను. ఎందుకంటే ఆ తర్వాతి యాభై ఏళ్ల విస్తరణకు తర్కం అంతా ఇందులోనే ఉంది. కొరియా చేతికి రాగానే అదే సరిహద్దు అయింది. దాని రక్షణకు దక్షిణ మంచూరియా కావలసి వచ్చింది. మంచూరియా వచ్చాక దానికి కాపుగా ఉత్తర చైనా, ఇన్నర్ మంగోలియా కావలసి వచ్చాయి. ప్రయోజన రేఖ ఎప్పుడూ ఒక అడుగు ముందే ఉంటుంది. అది ఎక్కడ ఆగాలో ఆ సిద్ధాంతంలో లేదు.

1894–95లో చైనాతో జరిగిన యుద్ధం ఇంకో సంగతి నేర్పింది: యుద్ధం లాభసాటి అని. షిమొనొసెకి సంధిలో తైవాన్, దక్షిణ మంచూరియాలోని లియావోడాంగ్ ద్వీపకల్పంతో పాటు 20 కోట్ల తైల్‌ల (తైల్ అంటే చైనా తూకం) వెండి పరిహారంగా దక్కింది. 1897లో జపాన్ బంగారు ప్రమాణానికి (కరెన్సీ విలువను ఇంత బంగారమని కట్టేసే పద్ధతికి) మారడానికీ, యవాతా ఉక్కు కర్మాగారానికీ, అన్నిటికన్నా ఎక్కువగా కొత్త ఆయుధాలకూ ఆ సొమ్మే అక్కరకు వచ్చింది. కానీ సంతకాలు జరిగిన ఆరో రోజునే రష్యా, జర్మనీ, ఫ్రాన్స్ కలిసి లియావోడాంగ్‌ను తిరిగి ఇచ్చేయమన్నాయి. జపాన్ తల వంచింది. మూడేళ్లు తిరగకుండానే రష్యా అదే ద్వీపకల్పంలోని పోర్ట్ ఆర్థర్‌ను కౌలు పేరుతో తాను తీసుకుంది. కట్టెల మీద పడుకుని, పిత్తం చేదును నాలుకకు తగిలించుకుంటూ పగ తీర్చుకునే రోజు కోసం ఓర్చుకోవడమనే పాత చైనా నానుడి జపాన్ పత్రికల్లో నినాదమైంది. పన్నులు పెరిగాయి, నౌకాదళం పెరిగింది, జనం భరించారు.

ఆ జనాన్ని మరిచిపోకూడదు. విస్తరణ అంతా కొద్దిమంది సైనికాధికారుల కుట్ర అని రాసే పుస్తకాలు ఇక్కడే తప్పుతాయి. 1904–05లో రష్యాతో యుద్ధంలో 80 వేలకు పైగా జపాన్ సైనికులు చనిపోయారు. ఖర్చులో పెద్ద భాగం లండన్, న్యూయార్క్‌లలో తెచ్చిన అప్పు. అయినా పోర్ట్స్‌మత్ సంధిలో ఒక్క రూబుల్ పరిహారం రాలేదు. సంధి కుదిరిన రోజే, 1905 సెప్టెంబరు 5న, టోక్యోలోని హిబియా పార్కు దగ్గర జనం తిరగబడ్డారు. నగరంలోని పోలీసు ఔట్‌పోస్టుల్లో అత్యధిక భాగం తగలబడ్డాయి, 17 మంది చనిపోయారు, సైనిక శాసనం విధించాల్సి వచ్చింది. ఆ కోపం యుద్ధం మీద కాదు, యుద్ధాన్ని అంతటితో ఆపినందుకు. దక్షిణ మంచూరియాలో దక్కిన రైలుమార్గం, కౌలు భూమి అప్పటి నుంచి వేల మంది అమరుల నెత్తురుతో తడిసిన నేలగా మారిపోయాయి. అక్కడి నుంచి వెనక్కి రావడం గురించి నోరెత్తితే చనిపోయినవాళ్లకు ద్రోహం చేసినట్టే. రాజకీయ నాయకులు ఈ సెంటిమెంటును దాటి మాట్లాడటం రానురాను కష్టమైపోయింది. ఇక కొరియా 1905లో రక్షిత రాజ్యమైంది, 1910లో పూర్తిగా విలీనమైంది.

ఇప్పుడు వనరులు, జనాభా వాదానికి వద్దాం. 1872లో సుమారు మూడున్నర కోట్లున్న జపాన్ జనాభా 1930 నాటికి 6.4 కోట్లు దాటింది. ఇది చూపించి, నేల చాలక బయటికి వెళ్లారంటారు. వెళ్లారా మరి? 1930 నాటికి మంచూరియాలో ఉన్న జపానీయులు రెండు లక్షల పైచిలుకు, అది కూడా ఎక్కువగా రైల్వే పట్టణాల్లోని ఉద్యోగులు, వ్యాపారులు. 1936లో ప్రభుత్వం ఇరవై ఏళ్లలో పది లక్షల కుటుంబాలను అక్కడికి తరలిస్తామని ప్రణాళిక వేసింది. 1945 దాకా వెళ్లిన రైతు వలసదారులు రెండు లక్షల డెబ్బై వేల దగ్గరే ఆగిపోయారు. దేశంలో ఏటా పెరిగే జనంలో ఇది ఏ మూలకు?

ఈ లెక్క ఆనాడే వేసి చూపించిన మనిషి ఒకడున్నాడు. ఇషిబాషి తాన్జాన్ అనే ఆర్థిక పాత్రికేయుడు 1921లోనే కొరియా, తైవాన్, మంచూరియా హక్కులు అన్నీ వదిలేయమని రాశాడు. ఆయన వాదన నీతిబోధ కాదు, వ్యాపార గణాంకాలు. కొరియా, తైవాన్, కౌలు భూమి మూడింటితో కలిపి జరిగే వర్తకం కన్నా అమెరికా ఒక్కదానితో జరిగేది ఎక్కువని, భారతదేశంతో వర్తకం కూడా తీసిపారేసేది కాదని లెక్కలతో చూపాడు. కావలసిన పత్తి భారతదేశం నుంచి, అమెరికా నుంచి కొనుక్కుంటున్నాం. ఏ దేశాన్నీ ఆక్రమించకుండానే మిల్లులు నడుస్తున్నాయి కదా అన్నాడు. ఆయన మాట చెల్లలేదు. కానీ అలా ఆలోచించడం అప్పటి జపాన్‌లో సాధ్యమేనని, విస్తరణ తప్పనిసరి తలరాత కాదని ఆయన రాతలు రుజువు చేస్తున్నాయి. ఆయనే యుద్ధం తర్వాత 1956లో ప్రధాని అయ్యాడు. నాకు ఈ చరిత్రలో అత్యంత గౌరవం ఉన్న వ్యక్తి ఆయనే.

పాశ్చాత్యుల వైపు నుంచి తప్పులు లేవా అంటే ఉన్నాయి. 1919లో పారిస్ శాంతి సదస్సులో జాతుల సమానత్వాన్ని నానాజాతి సమితి నిబంధనల్లో చేర్చాలని జపాన్ ప్రతిపాదించింది. పదిహేడు ఓట్లలో పదకొండు అనుకూలంగా వచ్చినా, ఏకగ్రీవం కాదంటూ అధ్యక్ష స్థానంలో ఉన్న అమెరికా అధ్యక్షుడు విల్సన్ దాన్ని పక్కన పెట్టాడు. 1924లో అమెరికా వలస చట్టం జపానీయులకు తలుపులు మూసేసింది. బయటి ప్రపంచంతో కలిసి నడుద్దామన్న ఉదారవాదుల కాళ్ల కింద నేలను ఇవి తొలిచేశాయి.

తర్వాత మహామాంద్యం వచ్చింది. 1930 జనవరిలో జపాన్ సరిగ్గా తప్పుడు సమయంలో పాత మారకం విలువకే మళ్లీ బంగారు ప్రమాణానికి వెళ్లింది. ఆ దేశపు రైతు కుటుంబాల్లో నూటికి నలభై వరకు పట్టుపురుగుల పెంపకం మీద ఆధారపడేవి. ముడి పట్టులో సింహభాగం అమెరికాకే పోయేది. అమెరికాలో కొనేవాళ్లు లేకపోయేసరికి పట్టు ధర కుప్పకూలింది, బియ్యం ధరా పడిపోయింది. ఉత్తరాన తొహోకు ప్రాంతంలో పంట పోయిన ఏళ్లలో తల్లిదండ్రులు ఆడపిల్లలను అమ్ముకున్నారు. సైన్యంలోని చిన్న అధికారులు తమ కింద పనిచేసే పల్లెటూరి కుర్రాళ్ల ఇళ్ల పరిస్థితి రోజూ వింటున్నారు. పార్టీలూ, పెద్ద వ్యాపార కుటుంబాలూ దేశాన్ని అమ్ముకుంటున్నాయన్న కసి వాళ్లలో పెరిగింది. ఆ కసిలో నిజాయితీ ఉంది. దాన్ని పరాయి దేశం మీదికి మళ్లించడంలోనే ఘోరం జరిగింది.

అయితే ఒక సంగతి గమనించండి. 1931 డిసెంబరులో ఆర్థికమంత్రిగా వచ్చిన తకహాషి కొరెకియో బంగారు ప్రమాణాన్ని వదిలేసి, ప్రభుత్వ ఖర్చు పెంచాక జపాన్ చాలా దేశాలకన్నా ముందే కోలుకుంది. యెన్ విలువ తగ్గడంతో నూలు వస్త్రాలు ప్రపంచమంతటా అమ్ముడుపోయాయి. 1933 నాటికి ఆ ఎగుమతుల్లో బ్రిటన్‌నే దాటేసింది. దానికి ప్రతిగా బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం బ్రిటనేతర వస్త్రాల మీద సుంకాన్ని 75 శాతానికి పెంచింది. జపాన్ మిల్లులు మన పత్తిని కొనబోమని భీష్మించాయి. చివరికి 1934లో ఇంత పత్తికి ఇంత గుడ్డ అని వాటాలు కుదుర్చుకున్నారు. అంటే అడ్డుగోడలున్నా బేరమాడి బతికే దారి మూసుకుపోలేదు. ఆ గోడలను చూపించి, మనకంటూ సొంత మార్కెట్ ఉండాలని వాదించినవాళ్ల గొంతు మాత్రం పెద్దదైంది.

ఆ వాదనకు సైన్యంలో ఇంకో మూలం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఓడిపోవడానికి నౌకా దిగ్బంధం ఒక ముఖ్య కారణమని కొందరు అధికారులు గట్టిగా నమ్మారు. రాబోయే యుద్ధం దేశంలోని ప్రతి కర్మాగారాన్ని, ప్రతి మనిషిని వాడుకునే సమగ్ర యుద్ధం కాబట్టి బొగ్గు, ఇనుము, ధాన్యం సొంతంగా ఉండి తీరాలన్నారు. వాళ్లలో ఒకడైన ఇషివారా కాంజి, ఏనాటికైనా అమెరికాతో అంతిమ యుద్ధం తప్పదని, దానికి మంచూరియా పునాది అని లెక్కలు కట్టాడు. పుస్తకాల్లో రాసే వనరుల కొరత నిజానికి ఇదే. తిండికి లేక కాదు, భవిష్యత్తులో చేయబోయే యుద్ధానికి సరుకు కావాలి.

ఇక అసలు విషయం. 1889 మెయిజీ రాజ్యాంగం 11వ అధికరణం ప్రకారం సైన్యం, నౌకాదళం చక్రవర్తి ఆజ్ఞకు లోబడి ఉంటాయి. వినడానికి మామూలుగానే ఉంది. ఆచరణలో దాని అర్థం ఏమిటంటే, సైనిక వ్యూహాల విషయంలో సైన్యం ప్రధానికి గాని, పార్లమెంటుకు గాని జవాబు చెప్పనక్కర్లేదు. చక్రవర్తి మామూలుగా ఆజ్ఞలిచ్చేవాడు కాదు. ముందు పెట్టినదాన్ని ఆమోదించేవాడు. పైగా 1900లో వచ్చిన నియమం ప్రకారం యుద్ధమంత్రి సర్వీసులో ఉన్న సైనికాధికారే కావాలి. సైన్యం మంత్రిని ఇవ్వకపోతే ప్రభుత్వమే ఉండదు. 1912లో కొరియాలో ఉంచడానికి రెండు కొత్త డివిజన్లు కావాలని సైన్యం పట్టుబట్టింది, మంత్రివర్గం కాదంది. యుద్ధమంత్రి రాజీనామా చేశాడు, సైన్యం ఇంకొకరిని ఇవ్వలేదు, సాయోంజీ ప్రభుత్వం కూలింది. ఆ నియమాన్ని 1913లో సడలించారు గాని 1936లో మళ్లీ తెచ్చారు. తొలినాళ్లలో ఇతో, యమగాతా వంటి వృద్ధ నాయకులు తెర వెనుక కూర్చుని సైన్యానికీ ప్రభుత్వానికీ మధ్య పొత్తు కుదిర్చేవారు. వాళ్లు పోయాక ఆ పని చేసే సంస్థ ఏదీ రాజ్యాంగంలో లేదు.

దీని ఫలితం చూడాలంటే 1931 సెప్టెంబరు 18 రాత్రి మంచూరియాలోని ముక్డెన్ నగరానికి వెళ్లాలి. దక్షిణ మంచూరియాలోని కౌలు భూమికీ, రైలుమార్గానికీ కాపలా ఉండటమే జపాన్‌వారి క్వాంటుంగ్ సైన్యం పని. ఇషివారా, ఇతగాకి సెయిషిరో అనే అధికారుల పథకం ప్రకారం ఆ సైన్యమే రాత్రి పది దాటాక పట్టాల మీద చిన్న పేలుడు జరిపి, చైనావాళ్లు చేశారని ప్రకటించింది. కంచే చేను మేసింది. దెబ్బ ఎంత చిన్నదంటే కాసేపటికి వచ్చిన రైలు ఆ చోటు మీదుగానే సాగిపోయి ముక్డెన్ చేరింది. జపాన్ కాన్సులేట్ అధికారి మొరిషిమా సైనిక కార్యాలయానికి పరుగెత్తి, దీన్ని దౌత్యం ద్వారా తేల్చుకోవచ్చని అన్నాడు. సర్వసైన్యాధిపత్యం విషయంలో కాన్సులేట్ జోక్యం చేసుకుంటుందా అని ఇతగాకి గద్దించాడు. పక్కనున్న మేజర్ హనయా కత్తి దూసి బెదిరించాడు. సొంత దేశపు దౌత్యవేత్త మీద సొంత సైన్యాధికారి కత్తి దూయడం! అదే సాయంత్రం, సైన్యాన్ని నిగ్రహించమన్న సందేశంతో టోక్యో నుంచి దిగిన జనరల్ తతెకావాను అధికారులు నేరుగా విందుకు తీసుకెళ్లారు. కాల్పులు మొదలయ్యేసరికి ఆయన సాకే అనే బియ్యపు మద్యం తాగి నిద్రలో ఉన్నాడు.

మూడు రోజుల తర్వాత కొరియాలోని జపాన్ సైన్యాధిపతి హయాషి సెంజూరో చక్రవర్తి అనుమతి లేకుండానే సేనలను సరిహద్దు దాటించాడు. సైనిక చట్టం ప్రకారం అది మరణశిక్ష కూడా పడగల నేరం. ప్రధాని వకత్సుకి మంత్రివర్గం, ఎలాగూ వెళ్లిపోయారు కదా అని ఖర్చు మంజూరు చేసింది. చక్రవర్తి ఆమోదం తర్వాత వచ్చింది. హయాషికి శిక్ష పడలేదు సరికదా, 1937లో ప్రధాని అయ్యాడు. సామ్రాజ్య విస్తరణకు కారణాలు రాసేటప్పుడు ఈ ఒక్క వాక్యం రాయకపోతే జవాబు అసంపూర్ణమే.

పార్టీల నాయకులు కూడా ఈ గోతిని తమ చేతులతో తవ్వుకున్నారు. 1930లో లండన్ నౌకాదళ ఒప్పందం మీద సంతకం చేసిన హమాగుచి ప్రభుత్వం సర్వసైన్యాధిపత్య హక్కును ఉల్లంఘించిందని పార్లమెంటులో ధ్వజమెత్తినవాడు ప్రతిపక్ష నాయకుడు ఇనుకాయ్ త్సుయోషి. రెండేళ్ల తర్వాత ఆయనే ప్రధానిగా ఉండగా నౌకాదళ యువ అధికారులు ఇంట్లోకి వచ్చి కాల్చి చంపారు. విచారణ సమయంలో హంతకులను క్షమించాలని లక్షల సంతకాలు వచ్చాయి. ఒక్కరికీ ఉరి పడలేదు. 1936 ఫిబ్రవరి తిరుగుబాటులో, సైనిక ఖర్చును అదుపు చేయబోయిన తకహాషి కూడా సైనికుల చేతిలోనే చనిపోయాడు. అప్పటికి కాదనగలిగే గొంతులు చాలా వరకు పోయాయి, లేదా భయంతో మూగబోయాయి.

మంచూరియాను అలా పట్టుకున్న ఇషివారా 1936 నాటికి టోక్యోలో కీలక పదవిలో ఉన్నాడు. ఇన్నర్ మంగోలియాలో మరో సాహసానికి దిగుతున్న అధికారులను వారించడానికి వెళితే, మంచూరియాలో మీరు చేసిందే మేమూ చేస్తున్నామని ముతో అకిరా అనే అధికారి ఆయన ముఖం మీదే చెప్పాడు. 1937 జులైలో చైనాతో పూర్తి యుద్ధం మొదలైంది. స్వయంసమృద్ధి కోసమని మొదలుపెట్టిన విస్తరణ ఇక్కడ తన గొంతు తానే పిసుక్కుంది. చైనాలో లక్షల సైన్యాన్ని నడపడానికి చమురు, తుక్కు ఇనుము అమెరికా నుంచే కొనాలి. చమురులో సుమారు 80 శాతం అక్కడిదే. 1941 జులైలో దక్షిణ ఇండోచైనాలోకి సేనలు వెళ్లగానే అమెరికా ఆస్తులను స్తంభింపజేసి, చమురు ఆపేసింది. డచ్ ఈస్టిండీస్ (నేటి ఇండోనేషియా) చమురు బావుల మీద కన్ను పడింది అప్పుడే.

ఆసియాకు తెల్లవాళ్ల నుంచి విముక్తి తేవడానికే వచ్చారన్న మాట మనవాళ్లలో ఇంకా వినిపిస్తుంది. 1905లో రష్యా మీద జపాన్ విజయం ఆసియా అంతటా ఉత్సాహం నింపిన మాట నిజం. జపాన్‌లో ఆ ఆదర్శాన్ని నిజంగా నమ్మినవాళ్లూ ఉన్నారు. కానీ విముక్తి సిద్ధాంతాన్ని కొరియా దగ్గరే తూచాలి. 1919 మార్చిలో అక్కడి జనం స్వాతంత్ర్యం కావాలని వీధుల్లోకి వస్తే వచ్చిన జవాబు తుపాకీ గుండ్లు. తెలుగువాళ్ల అనుభవమూ ఉంది: 1941 డిసెంబరులో రంగూన్ మీద బాంబులు పడ్డాక అక్కడి తెలుగు కూలీలు వేలాదిగా కాలినడకన కొండలు దాటి తిరిగొచ్చారు, దారిలో ఎందరో చనిపోయారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద కూడా జపాన్ విమానాలు బాంబులు వేశాయి.

ఇక టోజో సంగతి. 1931 మంచూరియా ఘటన నాటి నుంచి పెర్ల్ హార్బర్ దాకా జపాన్‌ను పదకొండు మంది ప్రధానులు పాలించారు. టోజో ఆ వరసలో చివరివాడు. దిశను ఆయన నిర్ణయించలేదు, అప్పటికే దొర్లుతున్నదాన్ని ఇంకా ముందుకు తోశాడు. 1941 అక్టోబరు 14న యుద్ధమంత్రిగా మంత్రివర్గంలో ఆయన చేసిన వాదన చూడండి: అమెరికా కోరినట్టు చైనా నుంచి సేనలను వెనక్కి పిలిస్తే అక్కడి త్యాగాలు వృథా అవుతాయి, మంచూరియాకు ముప్పు వస్తుంది, కొరియా మీద పట్టు సడలుతుంది. యమగాతా గీసిన రేఖలే, యాభై ఏళ్ల తర్వాత, తిరుగు వరసలో. రెండు రోజుల్లో కొనోయే ప్రభుత్వం దిగిపోయింది, టోజో ప్రధాని అయ్యాడు. హిట్లర్‌తో పోలిక ఇక్కడే తేలిపోతుంది. 1944 జులైలో పసిఫిక్‌లోని సైపాన్ దీవి పోగానే పెద్దలంతా కలిసి టోజోను పదవి నుంచి దింపేశారు. ఆయన లేకుండానే యుద్ధం మరో పదమూడు నెలలు నడిచింది.